నాటకం చూసినవారికి ఏమనిపించిందో కొలవాలంటే స్టార్లు అడగకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు హైదరాబాదులో ఒక చిన్న నాటక సమాజం నడుపుతున్నారు. రవీంద్రభారతిలో ఒకటి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో రెండు ప్రదర్శనలు వేయబోతున్నారు. ఖర్చులో కొంత భరిస్తున్న కంపెనీవారు “ప్రేక్షకుల మీద ప్రభావం ఎంత” అంటూ నివేదిక అడుగుతున్నారు. గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ అతికించి అయిదు స్టార్లకు ఎన్ని ఇస్తారో అడిగి, చప్పట్లు ఎంతసేపు మోగాయో రాసుకుంటే సరిపోతుందా అన్నది మీ సందేహం.

సరిపోదు. నాటకం బాగుందా అని అడగడం మానేసి, చూస్తున్నంతసేపూ వారికి ఏం జరిగిందో పట్టుకోవాలి. దాన్ని పట్టుకోగల సమయాలు మూడున్నాయి: ప్రదర్శన నడుస్తుండగా హాల్లో కంటికి కనిపించేది, తెర పడగానే ఒక చిన్న కాగితం మీద వారు చెప్పేది, ఒకటి రెండు రోజులు గడిచాక వారికి గుర్తున్నది. ఈ మూడింటినీ మీ తర్వాతి ప్రదర్శనతోనే పోల్చుకోవాలి, మరో సమాజం వారి నాటకంతో కాదు.

నేను గణాంకశాస్త్రం చదువుకుని, ఇరవై ఏళ్లకు పైగా సబ్బులకూ టీపొడికీ వినియోగదారుల సర్వేలు చేసి, సాయంత్రాలు తెలిసిన నాటక సమాజాలకు ఈ పని చేసిపెడుతున్నవాణ్ణి. సబ్బు దగ్గర నిలబడిన పద్ధతులు నాటకం దగ్గర ఎలా బోర్లాపడతాయో స్వయంగా చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట స్టార్ల సంగతి. మన హాల్లో కూర్చునేవారిలో డబ్బు పెట్టి టికెట్టు కొన్నవారు ఎంతమంది ఉంటారో మీకు నేను చెప్పనక్కర్లేదు. నటుల బంధువులు, ఆఫీసు మిత్రులు, ఇతర సమాజాల వాళ్లు, పాసు పంపినందుకు మర్యాదగా వచ్చినవాళ్లు కలిస్తే సగం హాలు నిండుతుంది. అలాంటివారి చేతికి స్టార్ల కాగితం ఇస్తే వారు నాటకానికి కాదు, మీతో ఉన్న చుట్టరికానికి మార్కులు వేస్తారు. పదేళ్ల కిందట ఒక సమాజం కోరగా నేనే అలాంటి కాగితం పంచాను. సగటు అయిదుకు 4.6 వచ్చింది. దర్శకుడు సంతోషించాడు. కానీ ఆ రాత్రి విరామం తర్వాత వెనక మూడు వరుసలు దాదాపు ఖాళీ అయిన సంగతి నా నోటుబుక్కులో ఉంది. వెళ్లిపోయినవారు కాగితం నింపలేదు, చివరిదాకా ఉన్నవారు మొహమాటంతో నింపారు. ఆ 4.6 అనే అంకె మొహమాటానికి కొలత, అంతే.

చప్పట్లను కూడా నేను నమ్మను. 2013లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ మాన్, ఆయన సహచరులు విద్యార్థుల బృందాలు చిన్న చిన్న ప్రసంగాలు విని చప్పట్లు కొట్టడాన్ని వీడియో తీసి పరిశీలించారు. చప్పట్లు అంటువ్యాధిలా పాకుతాయని, ఒక మనిషి మొదలుపెట్టడమూ ఆపడమూ గదిలో అప్పటికి ఎందరు కొడుతున్నారన్న దాన్ని బట్టే ఎక్కువగా ఉంటుందని, ప్రసంగం నాణ్యత ఒకటే అయినా చప్పట్లు సాగే కాలం బాగా మారిపోవచ్చని తేల్చారు. మన దగ్గర దీనికి తోడు ఇంకో చిక్కు. నాటకం ముగియగానే దీపాలు వెలిగి, ముఖ్య అతిథి వేదిక ఎక్కి, శాలువాలు, జ్ఞాపికలు మొదలవుతాయి. ఏ చప్పట్లు నాటకానివో ఏవి శాలువాకో విడదీయడం ఎవరి తరమూ కాదు. పద్యనాటకంలో వచ్చే “వన్స్ మోర్” కూడా అంతే. అది ఆ రాగాలాపనకు పడిన ఓటు. శ్రీకృష్ణ రాయబారం లాంటి ఘట్టం ప్రేక్షకుడి మనసులో ఏం చేసిందో దానివల్ల తెలియదు; ఒక్కోసారి మూడో వన్స్ మోర్ దగ్గరే కథ చేజారిపోతుంది.

ఈ సమస్య మన పాతవాళ్లకు కొత్త కాదు. నాట్యశాస్త్రం 27వ అధ్యాయం మొత్తం ప్రదర్శన ఫలించిందా లేదా అన్నదాన్ని ఎలా గుర్తించాలన్న విషయం మీదే ఉంది. మానుషి సిద్ధి, దైవికి సిద్ధి అని రెండు రకాలు చెబుతుంది. మానుషి సిద్ధి నోటితోనూ ఒంటితోనూ బయటపడేది: చిరునవ్వు, పెద్ద నవ్వు, “సాధు” అనడం, “అహో” అనడం, “అయ్యో కష్టం” అనడం, ఒళ్లు గగుర్పొడవడం, లేచి నిలబడడం, ఉత్తరీయాలూ ఉంగరాలూ విసరడం. దైవికి సిద్ధి దీనికి పూర్తిగా భిన్నం: హాలు నిండుగా ఉండాలి, చప్పుడు ఉండకూడదు, కలవరం ఉండకూడదు. అంటే నిశ్శబ్దాన్ని పై మెట్టు మీద పెట్టారన్నమాట. ప్రదర్శనను అంచనా వేయడానికి ప్రాశ్నికులు అనే రకరకాల విద్యల నిపుణులను కూర్చోబెట్టమని, సిద్ధులతో పాటు దోషాలనూ లెక్కలోకి తీసుకోమని కూడా ఆ అధ్యాయం చెబుతుంది. నేను బాల్కనీలో నోటుబుక్కు పట్టుకుని కూర్చోవడాన్ని ఎవరైనా ఎగతాళి చేస్తే ఈ అధ్యాయం పేరు చెప్పి తప్పించుకుంటూ ఉంటాను.

ఇక హాల్లో ఏం చూడాలి. నేను బాల్కనీ ఉంటే దాని చివరి వరుసలో, లేకపోతే హాలు వెనక గోడకు ఆనుకుని నిలబడతాను. నాటకం రాతప్రతిని ముందే చదివి, సన్నివేశాలకు అంకెలు వేసుకుని ఉంచుకుంటాను. ప్రతి అయిదు నిమిషాలకూ ఒకసారి ఎడమ నుంచి కుడికి తల తిప్పి వెలుగుతున్న ఫోన్ తెరలు లెక్కపెడతాను. చీకట్లో తల వంచుకున్న మనిషి గడ్డం కింద నీలంగా వెలిగే ఆ చతురస్రం చాలా నిజాయితీ గల సాక్షి. దానికి దర్శకుడితో చుట్టరికం లేదు. అయితే కంటి ఎత్తులో పట్టుకున్న ఫోనునూ ఒళ్లో పెట్టుకున్న ఫోనునూ వేరువేరుగా రాయాలి. కంటి ఎత్తులోది వీడియో తీస్తున్న ఫోను. కూచిపూడి ఆరంగేట్రంలో పైకెత్తిన ఫోన్లన్నీ విసుగుకు గుర్తు అనుకుంటే పాప మేనమామలందరినీ అవమానించినట్టే. ఒళ్లో ఉన్నది మాత్రం నాటకం చేజారిన చోటు. దగ్గులు, కుర్చీల కిర్రుమనే చప్పుళ్లు కూడా ఇలాగే గుంపుగా వస్తాయి. ఏ సన్నివేశం దగ్గర వచ్చాయో ప్రతి మీదే గీత పెట్టుకుంటే చాలు.

లేచి వెళ్లేవారి లెక్కలో ఒక జాగ్రత్త అవసరం. తొమ్మిదిన్నర దాటాక లేచినవారందరూ విసుగెత్తి లేవరు. ఈసీఐఎల్ వైపో, వనస్థలిపురం వైపో చివరి బస్సు పట్టుకోవాల్సినవారు ఎంత మంచి నాటకం మధ్యలోనైనా లేస్తారు. ఒక సమాజం వారు మూడో అంకం బలహీనంగా ఉందని నిర్ధారించుకుని దాన్ని తిరగరాశారు కూడా. తర్వాతి ప్రదర్శన అరగంట ముందు మొదలుపెట్టినప్పుడు పాత అంకానికే ఎవరూ లేవకపోయేవారేమో అని నాకు ఇప్పటికీ అనుమానం. ఎందుకంటే ఆ రోజు కొత్త అంకం వేశారు, వేళ కూడా మార్చారు, రెండింటిలో దేనివల్ల జనం కూర్చున్నారో చెప్పే దారి లేకుండా పోయింది. ఒకసారికి ఒకటే మార్చండి. మీకు మూడు ప్రదర్శనలున్నాయి కాబట్టి ఆ అవకాశం ఉంది. త్యాగరాయ గానసభలో వేసే రెండింటినీ ఒకే వేళకు పెట్టుకోండి; రవీంద్రభారతి అంకెలను మాత్రం ఆ రెండింటితో నేరుగా పోల్చకండి, హాలు మారితే వినికిడి మారుతుంది, వచ్చే జనమూ మారతారు.

ఈ గీతల వల్ల ప్రయోజనం ఏమిటో ఒక్క ఉదాహరణ చెబుతాను. అన్నదమ్ముల భూమి పంపకాల మీద ఒక సాంఘిక నాటకం. దర్శకుడి దృష్టిలో నాటకమంతా చివరి వాగ్వాదం కోసమే. నా ప్రతిలో ఆ వాగ్వాదం పక్కన ఒళ్లో వెలిగిన ఫోన్లు పదకొండు. దానికి చాలా ముందు, సర్వేయరు గొలుసు లాగుతూ ఇంటి పెరట్లోకి వస్తే, పెద్ద కోడలు ఏమీ మాట్లాడకుండా అతనికి చెంబుతో నీళ్లిచ్చి, అతను తాగేదాకా ఖాళీ చెంబు కోసం చెయ్యి చాచి నిలబడే చిన్న సన్నివేశం ఉంది. మాట లేదు, పాట లేదు. అక్కడ ఫోన్లు సున్నా, దగ్గులు సున్నా. సన్నివేశం ముగిశాక చప్పట్లు కూడా లేవు. తెర వెనక ఉన్న దర్శకుడికి వినిపించింది ఆ చప్పట్లు లేకపోవడమే కాబట్టి, మరుసటి ప్రదర్శనకు దాన్ని తీసేద్దామనుకున్నాడు. రెండు రోజుల తర్వాత నేను ఫోను చేసి “ఏ దృశ్యం గుర్తుంది” అని అడిగినవారిలో సగానికి పైగా చెంబు గురించే చెప్పారు. ఒకావిడ “ఆ అమ్మాయి చెయ్యి ఇంకా కళ్ల ముందే ఉందండీ” అన్నారు. చివరికి వాగ్వాదంలో మూడు పేజీలు పోయాయి, చెంబు మిగిలింది.

కాగితం మీద అడిగే ప్రశ్నల విషయానికి వద్దాం. ఈ రంగంలో బాగా పేరున్న పని 2007లో అమెరికాలో అలన్ బ్రౌన్, జెనిఫర్ నోవాక్ ప్రచురించింది. ఆరు విశ్వవిద్యాలయ వేదికల మీద జరిగిన 19 ప్రదర్శనల ప్రేక్షకులను ప్రదర్శనకు ముందు కొంత, ఇంటికి వెళ్లాక కొంత అడిగారు. లీనమవడం, ఆలోచన రేగడం, మనసు కదలడం, ఆధ్యాత్మిక విలువ, కళ గురించి కొత్తగా తెలియడం, పక్కవారితో కలిసిపోయామన్న భావన అనే ఆరు కోణాలు పెట్టుకున్నారు. వారు గమనించిన వాటిలో నాకు బాగా పనికొచ్చింది ఒకటే: లీనమవడం జరిగితేనే మిగతావి జరిగే అవకాశం ఉంటుంది. అందుకే ఒక్కటే ప్రశ్న అడిగే వీలుంటే నేను లీనమవడం గురించే అడుగుతాను. ప్రదర్శనకు ముందు అడగడం కూడా ముఖ్యమే. ఈ కథ ముందే తెలిసినవారు, నటుడి కోసం వచ్చినవారు, స్నేహితుడు లాక్కొస్తే వచ్చినవారు ఒకే నాటకాన్ని మూడు రకాలుగా చూస్తారు.

కానీ ఆ ప్రశ్నలను యథాతథంగా తెలుగులోకి మార్చి పంచకండి. నేను ఆ తప్పు చేశాను. “ప్రదర్శనతో మీకు భావోద్వేగ అనుసంధానం ఏ మేరకు ఏర్పడినది?” అని అచ్చు వేయించాను. పంచె కట్టుకున్న ఒక పెద్దాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఏ స్కీముకు బాబూ?” అని అడిగి, అన్ని గళ్లలోనూ టిక్కు పెట్టి ఇచ్చాడు. అప్పటినుంచి నా కాగితంలో మాటలు ఇంట్లో మాట్లాడుకునేవే ఉంటాయి. ప్రస్తుతం వాడుతున్నవి ఇవి:

“నాటకం నడుస్తుండగా ఎన్నిసార్లు టైం చూసుకున్నారు?” లీనమయ్యారా అని అడిగితే అందరూ అవునంటారు, టైం చూసుకున్నామని ఒప్పుకోవడానికి మాత్రం ఎవరికీ మొహమాటం ఉండదు.

“ఎక్కడైనా మీ ఇంట్లోవాళ్లో, తెలిసినవాళ్లో గుర్తొచ్చారా? ఎవరు?” ‘ఎవరు’ అన్నదానికి ఒక్క మాట చాలు. మా నాన్న, మా అత్తగారు, మా పెద్దన్న. మనసు కదిలిందా అన్న ప్రశ్నకు ఇంతకంటే నమ్మదగిన జవాబు నాకు దొరకలేదు.

“అర్థం కాని చోటు ఏదైనా ఉందా?” మీ నటులు తెలంగాణ మాండలికంలో మాట్లాడి, ప్రేక్షకుల్లో గోదావరి వైపు వారుంటే, లేదా అటుదిటైతే, ఇది తప్పక అడగండి. మైకు సరిగ్గా పనిచేయని చోట్లు కూడా ఇక్కడే బయటపడతాయి, దర్శకుడు అకారణంగా తిట్లు తినకుండా ఉంటాడు.

“నాటకం ఎంతసేపు జరిగినట్టు అనిపించింది?” ఇది నాకు ఇష్టమైన ప్రశ్నే గానీ జాగ్రత్తగా చదవాలి. లీనమైన మనిషికి సమయం తెలియదు కాబట్టి తక్కువ చెబుతాడని అనుకుంటాం. కానీ వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడు గుర్తున్న సంఘటనలు ఎక్కువైన కొద్దీ గడిచిన కాలం కూడా ఎక్కువ అనిపించడం మామూలే. కాబట్టి దీన్ని ఒంటరిగా నమ్మకుండా మొదటి ప్రశ్న పక్కన పెట్టి చూడండి.

తెర పడ్డాక ఇంతకు మించి అడగవద్దు. వయసు, ఉద్యోగం, ఆదాయం వంటివి మీకు అక్కర్లేదు. ఈ కాగితం శాలువాలకు ముందే చేతికి అందాలి. సన్మానాలు అయ్యాక మిగిలేది నిర్వాహకులూ వారి కుటుంబాలూ మాత్రమే.

కాగితం ఎవరికి ఇవ్వాలన్నది ప్రశ్నల కంటే ముఖ్యం. గుమ్మం దగ్గర నిలబడి నవ్వు ముఖంతో వచ్చినవారికల్లా ఇస్తే మీకు నవ్వు ముఖాల అభిప్రాయమే వస్తుంది. ముందుగానే ప్రతి వరుసలో ప్రతి మూడో కుర్చీకి కాగితమూ పెన్సిలూ కట్టి ఉంచండి. 200 మందిలో అలా 60 మందికి పైగా ఎంపికై, 60 మంది నింపి ఇస్తే, ఏ శాతానికైనా అటూ ఇటూ పది పదకొండు శాతం తేడా సహజమే అనుకోవాలి. అంటే మొదటి ప్రదర్శనలో 70 శాతం, రెండో ప్రదర్శనలో 75 శాతం వస్తే నాటకం మెరుగైందని నివేదికలో రాయకూడదు. 45 నుంచి 75కు పెరిగితే రాయవచ్చు. ఈ లెక్క కూడా మీరు ఎంచుకున్నవారిలో చాలామంది జవాబిస్తేనే నిలుస్తుంది. తమకు తాముగా ముందుకొచ్చి నింపినవారి విషయంలో ఏ సూత్రమూ మిమ్మల్ని కాపాడదు.

మరునాటి పిలుపు మాత్రం తక్కువమందికే చేయండి, పన్నెండు మందో పదిహేను మందో. వాట్సాప్‌లో రాయమంటే “సూపర్ సర్” అని ఒక దండం బొమ్మ వస్తుంది. అదే వాయిస్ మెసేజ్ పంపమంటే జనం మాట్లాడతారు, మధ్యలో కుక్కరు విజిల్ కూడా వినిపిస్తుంది. అడగాల్సింది ఒకటే: “కళ్లు మూసుకుంటే ఏ దృశ్యం కనిపిస్తోంది?” మనిషి జ్ఞాపకం ఒక అనుభవంలోని తీవ్రమైన క్షణాన్నీ ముగింపునూ ఎక్కువగా పట్టుకుంటుందని డేనియల్ కానెమన్, ఆయన సహచరుల పరిశోధనలు చూపాయి. కాబట్టి అందరూ ముగింపు చెబితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ముగింపు కానిది చెప్పినప్పుడే చెవులు రిక్కించాలి. ఫోను నంబరు తీసుకునేటప్పుడు ఎందుకో చెప్పి అనుమతి అడగండి, పని అయ్యాక తుడిచేయండి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణకు చట్టం వచ్చింది కూడా.

మీరు రేపు ఒగ్గుకథో చిందు యక్షగానమో ఏర్పాటు చేస్తే ఈ కుర్చీల లెక్కలేవీ పనిచేయవు. అక్కడ జనం వస్తూ పోతూ ఉంటారు, నిలబడి చూస్తారు. అక్కడి కొలత ‘ఊ’ కొట్టడం. కథకుడు ఆగిన చోట ఆ ‘ఊ’ ముందున్న నలుగురి నుంచే వస్తోందా, వెనక చెట్టు కింది నుంచి కూడా వస్తోందా అని వినాలి. చదివింపుల డబ్బును మాత్రం కొలతగా తీసుకోకండి. పేరు మైకులో వినిపించాలన్న కోరిక దాంట్లో చాలా ఉంటుంది; ఉంగరాలు విసిరిన కాలంలోనూ అలాగే ఉండి ఉంటుంది. పిల్లలు ప్రేక్షకులైతే ప్రశ్నలే వద్దు, బొమ్మ గీయించండి. బ్రిటన్‌లో మాథ్యూ రీజన్ అనే పరిశోధకుడు నాటకం చూసిన పిల్లల చేత బొమ్మలు గీయించి, వాటి గురించి వాళ్లతో మాట్లాడే పద్ధతిలో చాలా పని చేశారు. నేను ఒకసారి సురభి వారి నాటకం చూసిన పిల్లలకు కాగితాలిస్తే, ఒక పిల్లవాడు రాక్షసుణ్ణి, అతని నడుముకు కట్టిన తీగనూ, తీగ చివర పైన కూర్చున్న మనిషినీ గీశాడు. మాయ తెలిసిపోయిందని బాధపడ్డావా అంటే, “పైనున్నాయనే అసలు రాక్షసుడు” అన్నాడు. దీన్ని ఏ స్టారు కింద వేయమంటారు?

ఇక కంపెనీవారి నివేదిక. కంపెనీల చట్టం, 2013లోని ఏడో షెడ్యూలులో కళలూ సంస్కృతీ ఉన్నాయి కాబట్టి వారు సామాజిక బాధ్యత పద్దు నుంచే మీకు డబ్బిస్తూ ఉండవచ్చు. ఆ నిబంధనల ప్రకారం స్వతంత్ర సంస్థతో ప్రభావ మదింపు తప్పనిసరి అయ్యేది, ఏటా సగటున 10 కోట్ల రూపాయలు లేదా అంతకు మించి ఆ బాధ్యత ఉన్న కంపెనీలు కోటి రూపాయలు, ఆ పైన ఖర్చు పెట్టిన పథకాలకే. మీ మూడు ప్రదర్శనలు ఆ దరిదాపుల్లో ఉండవని అనుకుంటున్నాను. కాబట్టి వారు అడుగుతున్నది చట్టం కోసం కాదు, తమ పై అధికారికి చూపించుకోవడానికి. రెండు పేజీలు ఇవ్వండి. మొదటి పేజీలో ఎంతమంది వచ్చారు, విరామం తర్వాత ఎంతమంది తిరిగి కూర్చున్నారు, ఎంతమందిని అడిగారు, ఎంతమంది జవాబిచ్చారు. రెండో పేజీలో వాయిస్ మెసేజ్‌ల నుంచి, అనుమతి ఇచ్చినవారి మాటలు ఆరో ఏడో, యథాతథంగా, వ్యాకరణం దిద్దకుండా. నా అనుభవంలో కంపెనీవారు రెండో పేజీనే చదువుతారు.

క్యూఆర్ కోడ్ పూర్తిగా వద్దనను. గుమ్మం దగ్గర కాకుండా, విరామంలో టీ ఇచ్చే బల్ల మీద అతికించండి. అక్కడ జనం కప్పు చల్లారేదాకా నిలబడతారు, చేతిలో ఫోను ఎలాగూ ఉంటుంది, శాలువాలు ఇంకా మొదలుకావు. “ఇప్పటిదాకా ఎన్నిసార్లు టైం చూసుకున్నారు?” అన్న ఒక్క ప్రశ్నే పెట్టండి. విరామం తర్వాత వెళ్లిపోబోయేవారి జవాబు కూడా మీకు దొరికే చోటు అదొక్కటే.